బరువు అనకూడని పిల్లాడు

నా చిన్నప్పుడు మా కొట్లో ప్రతి సరుకు బరువూ పైకి చెప్పేవారు, ఒక్క పసిపిల్లాడి బరువు తప్ప.

అంబాజీపేటలో మాది తాళ్ళ కొట్టు. కొబ్బరికాయల లారీలకి బిగించే మోకులు, గోనెసంచులు, పరదాలు అమ్మేవాళ్ళం. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా అమ్మానాన్నల ఊళ్ళో హైస్కూలు లేదని నన్ను ఆరో తరగతికి ఇక్కడ మామ్మ దగ్గర ఉంచారు. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి. ఇంట్లో మామ్మ, కొట్టు చూసుకునే బాబాయి, పిన్ని, వాళ్ళ ఎనిమిది నెలల కొడుకు, వీళ్ళందరి మీదా పెత్తనం చేద్దామని చూసే నేను. కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి బేరం ఆడకుండా నాకు అన్నం కూడా దిగేది కాదు. రెండు ముద్దలు ఎక్కువ తినమంటే ఎదురు ఏమిస్తారో అడిగేదాన్ని. ఆ తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. ఇంకెవరూ మురిసిపోయేవారు కాదు.

పసిపిల్లల్ని బరువు అనకూడదన్నది మా మామ్మ శాసనం. అంటే దిష్టి తగిలి పిల్లాడు చిక్కిపోతాడట. ఇంటికొచ్చిన ఆడవాళ్ళెవరైనా మావాణ్ణి ఎత్తుకుని, అలవాటు కొద్దీ ‘అబ్బ, ఎంత బరువున్నాడండీ’ అన్నారో, వాళ్ళు గుమ్మం దిగేలోపే ఉప్పూ ఎండుమిరపకాయలూ మావాడి చుట్టూ తిరిగి పొయ్యిలో పడేవి. మావాడు మాత్రం నిజంగా బరువే. చంకనేసుకుంటే వానలో తడిసిన గోనెసంచి మోసినట్టుండేది.

వాణ్ణి కింద దింపడానికి ఇంట్లో చోటు లేదనేవారు. కొట్లో నేలంతా పీచు, కనబడిందల్లా నోట్లో పెట్టుకునే వయసు వాడిది. కొట్టు ముందు లారీలు. పెరట్లో నుయ్యి. ఉయ్యాల ఉండేది గాని అందులో పగటిపూట నిమిషం నిలిచేవాడు కాదు. అందుకని పొద్దున లేచింది మొదలు వాడి స్థానం పిన్ని ఎడమ చంక. ఆ చంకలో వాణ్ణి పెట్టుకునే ఆవిడ వంట చేసేది, నీళ్ళు తోడేది. చిరిగిన గోనెసంచుల్ని దబ్బనంతో కుట్టి మళ్ళీ అమ్మకానికి పెట్టడం కూడా ఆవిడ పనే. కుడిచేత్తో దబ్బనం, ఎడమచేత్తో పిల్లాడు, మధ్యలో కుడివైపుకి ఒరిగిపోయిన మెడ.

ఆ మెడ మొదట పట్టేసింది, తర్వాత బిగిసిపోయింది. భుజం మీంచి నొప్పి పాకి మోచేతి దాకా దిగి, వేళ్ళ చివర్లలో చీమలు పాకినట్టుండేదని చెప్పేది. పక్కన ఎవరైనా పిలిస్తే తల తిప్పేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. తెలియనివాళ్ళు ‘కొట్టు కోడలికి పొగరు’ అనుకునేవారు. చెయ్యి పైకి లేవక జడ వేసుకోలేకపోయేది. రోజూ పొద్దున నేనే వేసేదాన్ని, ఒక జడకి ఒక బెల్లంపాకం నువ్వుజీడి చొప్పున.

వైద్యాలకి లోటు లేదు. మామ్మ పిన్ని తలగడని వారం రోజులు ఎండలో పెట్టింది. మెడ మీద రోకలి దొర్లించింది. నువ్వులనూనె కాచి రాసింది. చివరికి డాక్టరుగారి దగ్గరికీ తీసుకెళ్ళింది. ఆయన మందుబిళ్ళలు రాసి, పిల్లాణ్ణి ఎత్తుకోవడం తగ్గించమన్నారు. మామ్మకి ఆ వైద్యం నచ్చలేదు. “చెప్పడానికేం, చెప్పేరు. ఎత్తుకోడానికి ఆయనొస్తారా?” అంటూ దారి పొడుగునా సణిగింది. అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాని ‘పిల్లాడి బరువు వల్ల’ అనాలంటే ముందు ఆ మాట అనాలి. అది అనకూడదు. కాబట్టి తప్పంతా తలగడ మీదకే పోయింది.

ఇందులో నా పుణ్యం కూడా చెప్పుకోవాలి. కాసేపు ఎత్తుకోమని పిన్ని ఎప్పుడైనా బతిమాలితే ముందు జీడి పుచ్చుకుని అప్పుడు ఎత్తుకునేదాన్ని. జీడి నోట్లో కరిగేలోపే వాడి తొడ మీద ఎవరూ చూడకుండా చిన్నగా గిల్లేదాన్ని. వాడు గుక్కపెట్టి ఏడ్చేవాడు. ‘నీకోసమే ఏడుస్తున్నాడు పిన్నీ’ అని తిరిగి ఇచ్చేసేదాన్ని. ఆవిడ పాపం, నా కోసమే కదా అని ముద్దాడి చంకనేసుకునేది. అంతకన్నా లాభసాటి బేరం నేను మళ్ళీ చెయ్యలేదు. అంతకన్నా సిగ్గుమాలిన బేరమూ చెయ్యలేదు.

ఒక మధ్యాహ్నం పిన్ని కొట్లోకి మజ్జిగ పట్టుకొస్తుంటే ఎడమ చెయ్యి ఉన్నట్టుండి తిమ్మిరెక్కి పట్టు వదిలేసింది. పిల్లాడు జారాడు. ఆవిడ మోకాలు అడ్డుపెట్టి ఎలాగో ఆపింది గాని గ్లాసు పగిలింది, వాడు దడుచుకుని కెవ్వుమన్నాడు. మామ్మ పరుగెత్తుకొచ్చి, “పిల్లాణ్ణి పడేసేదానివి కదే!” అంది. పిన్ని గాజుముక్కలు ఏరుతూ కూర్చుంది. ఆవిడ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. మెడ వంగదు కదా, కన్నీళ్ళు నేరుగా గడ్డం మీంచి జారాయి.

ఆ సాయంత్రమే మామ్మ ఆఖరి వైద్యం బయటకి తీసింది. తల కాకుండా కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళు పట్టేసిన చోట మూడుసార్లు తంతే పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. అలా పుట్టినావిడ మా పేటలో ఒక్కరే. మా వీధి చివర చర్చి పక్కింట్లో ఉండే మా లెక్కల టీచరుగారు. ఆవిడకి ఇలాంటివాటి మీద నమ్మకం సున్నా. వాళ్ళ పాస్టరుగారికి తెలిస్తే మాటపడాలి కూడా. అయినా నడుం పట్టేసినవాడల్లా గుమ్మంలో నిలబడి బతిమాలుతుంటే కాదనలేక, “ప్రభువా క్షమించు” అని గొణుక్కుంటూ తన్నేవారు.

పిలుచుకు రమ్మని నన్నే పంపారు. దారిలో నేను ఆవిడతో బేరం పెట్టాను. డబ్బు ఎలాగూ పుచ్చుకోరు. అందుకని, “మూడు తన్నులకి ఒకటి కొసరు వెయ్యండి టీచరుగారూ, పిన్నికి మరీ ఎక్కువగా ఉంది” అన్నాను. ఆవిడ నడుస్తున్నదల్లా ఆగి నాకేసి చూశారు. “కొసరా?” అన్నారు. తర్వాత మా ఇంటిదాకా పిన్నికి నొప్పి ఎప్పుడు వస్తుందో, ఏ చంకలో ఎత్తుకుంటుందో, ఎంతసేపో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. నాకు తెలిసినదంతా చెప్పాను, గిల్లడం తప్ప.

ఆవిడ రాగానే మామ్మ కాఫీ ఇచ్చింది. టీచరుగారికి కాఫీ ఇచ్చే గ్లాసు మా ఇంట్లో వేరుగా ఉండేది, పెరటి గూట్లో బోర్లించి. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. ఆవిడ పాదం మా పిన్ని భుజం మీద పడవచ్చు, ఆవిడ గ్లాసు మా గ్లాసుల్లో కలవకూడదు. లెక్కల టీచరు శిష్యురాలినే అయినా ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

పిన్నిని పీట మీద కూర్చోబెట్టారు. టీచరుగారు వెనక నిలబడి, గోడ పట్టుకుని, పాదంతో భుజాన్ని పూలు తాకినట్టు మూడుసార్లు తాకించారు. మామ్మ దణ్ణం పెట్టుకుంది. అప్పుడు టీచరుగారు చీర సవరించుకుని, గొంతు మార్చి చెప్పారు:

“తన్నడంతో అయిపోదండీ మామ్మగారూ. పథ్యం ఉంది. ఇక్కణ్ణించి నలభై రోజులు ఈవిడ పిల్లాణ్ణి చంకనెత్తుకోకూడదు. కూర్చున్నప్పుడు ఒళ్ళోకి ఇవ్వచ్చు, పాలు ఇవ్వచ్చు. ఎత్తుకు తిరగడం మాత్రం ఇంట్లో మిగతావాళ్ళే. పొద్దుటిపూట తప్పనిసరిగా కన్నతండ్రి ఎత్తుకోవాలి. తప్పితే పట్టు ఈవిణ్ణి వదిలి ఎత్తుకోనివాళ్ళకి తగులుకుంటుంది.”

మామ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. అయినా కొట్టు మనిషి కదా, వెంటనే బేరంలోకి దిగింది. “నలభై అంటే మరీ ఎక్కువండీ టీచరమ్మగారూ. పన్నెండు చేసుకోండి.” టీచరుగారు ముప్పై అన్నారు. మామ్మ పదహారు అంది. చివరికి ఇరవై ఒకటి దగ్గర తెగింది. ఆ అంకె మామ్మకి శుభంగా తోచింది. వెళ్తూ వెళ్తూ టీచరుగారు నా నెత్తి మీద చెయ్యి వేసి, “అడిగేవుగా, కొసరు వేసేను. సాయంత్రం బడి వదిలేక నీ వంతు” అన్నారు.

మొదటి మూడు రోజులూ మా ఇల్లు సంతలా ఉంది. మామ్మ మధ్యాహ్నం వంతు తీసుకుని, గంట తిరక్కుండానే నడుం పట్టుకుని అరుగు మీద కూలబడింది. నాకు మూడో రోజుకే మెడ పట్టేసింది. ఇంట్లో గిల్లి తిరిగి ఇచ్చేద్దామంటే పుచ్చుకునేవాళ్ళు లేరు. గిల్లితే ఏడుపు కూడా నేనే మొయ్యాలి. క్లాసులో టీచరుగారు నల్లబల్ల రెండో చివర లెక్క చేస్తుంటే నేను బెంచీ మీద మనిషి మొత్తం తిరిగాను. ఆవిడ సుద్దముక్క ఆపి, “మూడు రోజులకేనా?” అన్నారు. తోటి పిల్లలకి అర్థం కాలేదు. నాకు అయింది. మా పిన్ని ఎనిమిది నెలలు.

అందరికన్నా కష్టం బాబాయికి వచ్చింది. సన్నతాడు మా కొట్లో బారల లెక్కన కొలిచేవారు. బార అంటే రెండు చేతులూ ఆ చివరికీ ఈ చివరికీ చాపినంత పొడుగు. ఒక చంకలో పిల్లాడుంటే చెయ్యి ఎక్కడ సాగుతుంది? లారీలకి కాయ ఎత్తే జట్టు మేస్త్రి ఒకాయన తాడు పట్టి చూసి, “ఏంటండీ, నిన్నటి బార ఇయ్యాళ మూరలోకి దిగిపోయింది?” అన్నాడు. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. బాబాయి మొహం మాడిపోయింది.

నాలుగో రోజు పొద్దున బాబాయి లావుపాటి మోకు చుట్ట ఒకటి గోడవారకి దొర్లించాడు. మధ్యలో ఉతికిన పంచె మడతపెట్టి పరిచాడు. పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టాడు. చుట్టూ వాడి చంకల ఎత్తు తాడు. పడడు, పాకడు, పీచు అందదు. వాడు చుట్ట అంచు పట్టుకుని వచ్చేపోయే లారీల్ని చూస్తూ మధ్యాహ్నం దాకా కిలకిలలాడాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ బాబాయి ఆ ఏర్పాటు చూపించి, తన బుర్రని తనే మెచ్చుకున్నాడు. మామ్మ కూడా, “మా అబ్బాయి బుర్రే బుర్ర” అంది.

లోపలి గుమ్మం దగ్గర సంచి కుడుతున్న పిన్ని దబ్బనం ఆపి అటు చూసింది. చాలాసేపు చూసింది. ఎనిమిది నెలలుగా ఇంట్లో లేని చోటు, మగవాడి చంకలోకి పిల్లాడు వచ్చిన నాలుగో రోజున దొరికింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. సంతోషం అనుకున్నాను.

ఇరవై ఒక్క రోజులూ గడిచేసరికి పిన్ని తన జడ తనే వేసుకుంటోంది. పూర్తిగా నయం కాలేదు గాని పిలిస్తే తల తిప్పి చూస్తోంది. నా జీడి పోయినా ఎందుకో బాధనిపించలేదు. ఆఖరి రోజు సాయంత్రం బాబాయి ఆ మోకు చుట్టని ఒక లారీవాళ్ళకి అమ్మేశాడు. “గడువయిపోయిందిగా, రేపట్నించి వాళ్ళమ్మ ఎత్తుకుంటుంది” అన్నాడు.

నేను టీచరుగారింటికి పరుగెత్తాను. మొదట అన్న నలభైలో మిగిలిన పందొమ్మిదీ కూడా కలిపేయమన్నాను. ఆవిడ నవ్వారు.

“నలభయ్యీ లేదు, ఇరవై ఒకటీ లేదే పిచ్చిదానా. అంతా నేను కల్పించేను. కొట్టువాళ్ళిల్లు కదా, సగానికి అడుగుతారని తెలిసే నలభై చెప్పేను. మంచిమాట నోటితో చెప్తే మీ మామ్మగారు వినరు. అందుకని కాలితో చెప్పేను.”

“మరి మళ్ళీ చెప్పండి, కాలితోనే” అన్నాను.

“ఒకసారి చెప్తే ఉపాయం. రెండోసారి చెప్తే మీ పిన్ని నా కాలు లేకుండా ఇంక నోరు విప్పలేదు. ఈసారి ఆవిడే చెప్పాలి.”

చేతిలో ఒక గొప్ప రహస్యంతో ఇంటికి వస్తూ, దానికి మామ్మ దగ్గర ఏ ధర పలుకుతుందా అని ఆలోచించానని ఒప్పుకుంటాను. వంద నువ్వుజీళ్ళ దాకా వెళ్ళింది నా ఊహ. కాని నూతి దగ్గర ఎడమచేత్తో చేద లాగుతున్న పిన్నిని చూశాక ఆ బేరం నోట రాలేదు. ఉన్నదంతా ఉచితంగా చెప్పేశాను. పిన్ని మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక ఆవిడ మొహంలో ఇంకేదో వచ్చింది. “అయితే నాకు నయమైంది పిల్లాణ్ణి దింపడం వల్లేనన్నమాట” అంది. అదొక్కటే అంది.

మర్నాడు పొద్దున కొట్టు తెరిచి సాంబ్రాణి వేశారు. ముగ్గురు నలుగురు బేరగాళ్ళు అప్పుడే వచ్చారు, మేస్త్రితో సహా. మామ్మ పిల్లాణ్ణి తెచ్చి పిన్ని చంకలో పెట్టి, అమ్మయ్య అనుకుని చేతులు దులుపుకుంది. పిన్ని వాణ్ణి ఎత్తుకుని నేరుగా కొట్లోకి నడిచింది. గల్లాపెట్టె పక్కన తెల్లదుప్పటి పరిచిన గద్దె ఉండేది, బాబాయి కూర్చునేది. లక్ష్మీస్థానమని దాని మీద మామ్మ కూడా కూర్చునేది కాదు. పిన్ని ఒక తలగడ గోడకి ఆనించి, పిల్లాణ్ణి ఆ గద్దె మీద కూర్చోబెట్టింది. వాడు వెంటనే గల్లాపెట్టె మూత మీద రెండు చేతులతో తబలా మొదలుపెట్టాడు.

“ఏంటది? అక్కడ పెట్టేవేంటి?” అని మామ్మ కేకేసింది.

“బరువుగా ఉన్నాడండీ” అంది పిన్ని.

సాంబ్రాణి పొగ కూడా ఆగిపోయినట్టనిపించింది నాకు.

“హవ్వ! కన్నతల్లివి, పదిమందిలో బిడ్డని ఆ మాటంటావా?”

“అంటానండీ అత్తయ్యగారూ. నా కొడుకే, నా ప్రాణమే. బరువే. దిష్టి తగిల్తే ఉప్పుతో తీస్తాను. నా మెడ పోతే దేంతో తీస్తారండీ?”

బాబాయి గద్దె దగ్గరికి వచ్చాడు. “వాడక్కడ కూర్చుంటే నేనెక్కడ కూర్చోను?” అన్నాడు.

“నిలబడండి. బార కొలవాలంటే ఎలాగూ నిలబడాలిగా. పది గంటలకి వచ్చి తీసుకెళ్తాను. సాయంత్రం మళ్ళీ తెస్తాను.”

పిన్ని కొంగు బిగించి నడుముకి దోపుకుంది. మా కొట్లో ఎన్నో బేరాలు చూశాను. అడిగేవాళ్ళు ముందు నసుగుతారు, తగ్గుతారు, వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేస్తారు. ఈవిడ అవేవీ చెయ్యలేదు. చెప్పింది, ఉన్నచోటే నిలబడింది.

ముందు మేస్త్రే అందుకున్నాడు. “ఆయ్, బాబుగారు దర్జాగానే కూర్చున్నారండీ. నాకో పది బారలు కొలవండి.” బాబాయి పిల్లాడికేసి, పిన్నికేసి, తాడుకేసి చూశాడు. తర్వాత తాడు అందుకుని రెండు చేతులూ చాపాడు.

మామ్మ తొమ్మిది రోజులు పిన్నితో మాట్లాడలేదు. ‘ఉప్పు ఎక్కువైందని చెప్పవే’, ‘రేపు తగ్గిస్తానని చెప్పవే’ అంటూ ఇద్దరూ నా ద్వారా కబుర్లు పంపుకున్నారు. ఇద్దరి దగ్గరా జీడి తిన్నాను. పదో రోజున పిల్లాడికి జ్వరం వస్తే ఇద్దరూ ఒకేసారి నన్ను దాటుకుని మాట్లాడేసుకున్నారు. ఆ జ్వరం పిన్ని మాట వల్లేనని మామ్మ చచ్చేదాకా నమ్మింది. పళ్ళు వస్తున్నాయని పిన్ని అంది. వాదం తేలలేదు గాని పిల్లాడి చోటు మాత్రం తేలిపోయింది. రెండు పూటలా గద్దె మీదే కూర్చునేవాడు. టీచరుగారికి పిన్ని కాఫీ కలిపిన రోజుల్లో మా గ్లాసుల్లోనే ఇచ్చేది. మామ్మ కలిపిన రోజుల్లో గూట్లోదే. మబ్బు పట్టిన రోజుల్లో పిన్ని మెడ ఇప్పటికీ లాగుతుంది. అన్నీ నయమయ్యాయని అబద్ధం చెప్పను.

చాలా ఏళ్ళకి కొత్తపేటలో మా అత్తవారింట్లో నా కూతుర్ని భుజాన వేసుకుని తిరుగుతుంటే నాకూ అదే చోట మొదలైంది, మెడకీ భుజానికీ మధ్య. ‘తలగడ పడలేదేమో’ అనడానికి నోరు తెరిచాను. చిన్నప్పటి నుంచి బేరాలాడిన నోరు, సాకు వెతకడం దానికి తేలికే. కాని ఆ పొద్దుటి పిన్ని గుర్తొచ్చింది. నసగకుండా, “పిల్ల బరువుగా ఉంది, కాసేపు పట్టుకోండి” అన్నాను. మా అత్తగారు చెవులు మూసుకున్నారు. మావారు లేచి వచ్చి తీసుకున్నారు. భూమి బద్దలవలేదు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న కొట్టుంది. పిల్లాణ్ణి చంకనేసుకుని, మెడ ఒకవైపుకి లాగేసిన అమ్మాయి మెట్లెక్కిందంటే ఏం కావాలని నేను అడగను. చేతులు రెండూ చాపి, “ఇలా ఇవ్వమ్మా, బరువుగా ఉన్నాడు” అంటాను. కొందరు ఉలిక్కిపడతారు. ఒకరిద్దరు కోపగించుకుని బేరం చెయ్యకుండా వెళ్ళిపోయారు కూడా. పోతే పోనివ్వండి. మిగతావాళ్ళు ముందు నా మొహంలోకి చూస్తారు, తర్వాత నెమ్మదిగా పిల్లాణ్ణి నా చేతుల్లో పెడతారు. అప్పుడు వాళ్ళ భుజం కిందికి దిగుతుంది.